మొదటిసారి గాలం రాడ్డు సొంతంగా కట్టుకుంటున్నా, తప్పులుంటే మొహం మీదే చెప్పండి

హంద్రీ_ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఈ ఫోరంలో చదివి పోవడమే గానీ రాయడం ఇదే మొదలు. నాకు మోటార్ రివైండింగ్ షాపు ఉంది, ఫ్యాన్లు, కూలర్లు, బోరు మోటార్లు చుడతాను. ఆదివారం వస్తే సుంకేశుల వైపో, కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టుకో పోతా. ఇప్పుడు వాడుతున్నది 8 అడుగుల కొన్న రాడ్డు. దాని పిడి ఎంత పొడుగంటే ఎరగా కట్టిన కప్ప బొమ్మ ఆడించేటప్పుడు ప్రతి కుదుపుకూ వెనక కొస వచ్చి మోచేతికి తగులుతుంది, సాయంత్రానికి అన్నం కలుపుకోవాలన్నా నొప్పే. ఇంకో బాధ, దాని ముక్కలు ఒక్కోటి 4 అడుగులు, భుజానికి తగిలించుకుని బండి మీద పోతుంటే మొన్న బళ్ళారి చౌరస్తాలో ఒక పెద్దమనిషి మొహానికి తగలబోయింది, ఆయన అన్న మాటలు ఇక్కడ రాయలేను.

అందుకే నా చేతి కొలతకు 7 అడుగుల రాడ్డు, రెండు ముక్కలు, స్పిన్నింగ్ రీలుకు సరిపోయేట్టు నేనే కట్టుకుందామని ఉంది. దాంతోనే కొర్రమీనూ పట్టాలి, బొచ్చె, రాగండి కూడా పట్టాలి. రోజూ రాగి తీగ చుట్టేవాణ్ణే కాబట్టి దారం పని పెద్ద కష్టం కాదనుకుంటున్నా. ఏ బ్లాంక్ కొనాలి, ఏమేం తెప్పించాలి?

గండికోట_గాలం (జమ్మలమడుగు)

వెల్‌కం అన్నా. కొర్రమీనంటున్నావు కాబట్టి హెవీ బ్లాంక్ తీసుకో, ఇంకో మాటే లేదు. గుర్రపు డెక్క కింద నుంచి వచ్చి కప్పను అందుకున్నాక నువ్వు రెండు సెకన్లు ఆలోచిస్తే చాలు, వేళ్ళల్లోకి దూరి నీ దారాన్ని అక్కడే కట్టేసి పోతుంది. ఆకుతో సహా గుంజుకొచ్చే బలం ఉండాలి. 40 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన గాలం దారం) వేసుకో.

చిత్రావతి_చిన్నోడు (తాడిపత్రి)

అన్నా నాదొక పిచ్చి ప్రశ్న, బ్లాంక్ అంటే ఏంది? నేనింకా వెదురు బొంగుకు బెండు కట్టి పక్కెలు పట్టే బ్యాచ్.

పెన్నా_తాత (ప్రొద్దుటూరు)

చిన్నోడా, పిచ్చి ప్రశ్న కాదు. గైడ్లు (దారం పోయే రింగులు), పిడి, రీలు సీటు (రీలు బిగించే చోటు) ఏవీ బిగించని ఉత్త కర్రను బ్లాంక్ అంటారు. లోపల గుల్లగా ఉంటుంది, గ్రాఫైటుదో ఫైబర్ గ్లాసుదో. మన రాడ్డు గుణం ముప్పాతిక వంతు దాన్లోనే ఉంటుంది, మిగతాది మనం చెడగొట్టకుండా చూసుకోవడమే.

హంద్రీ_ఒడ్డు గారికి. మీరు ఒక్క కర్రతో రెండు పనులు అడుగుతున్నారు, ముందు అక్కడ తేల్చుకోండి. బ్లాంక్ మీద రెండు మాటలు రాసి ఉంటాయి. యాక్షన్ అంటే కర్ర ఎక్కడి నుంచి వంగుతుందనేది. ఫాస్ట్ అయితే కొస దగ్గర వంగుతుంది, మోడరేట్ అయితే నడుము దాకా వంగుతుంది. పవర్ అంటే దాన్ని వంచడానికి ఎంత బరువు కావాలనేది. కొర్రమీను నోరు ఎముక, గాలం దిగాలంటే ఫాస్ట్ యాక్షన్, గట్టి పవర్ కావాలి. రాగండి నోరు మెత్తన, పైగా ఆగి ఆగి పరిగెడుతుంది, దానికి నడుము వంగే కర్ర ఉంటేనే గాలం ఊడదు. రెండిటికీ ఒకటే అంటే పెళ్ళికీ పొలానికీ ఒకటే చెప్పులు వేసుకున్నట్టు ఉంటుంది. మొదటి రాడ్డుకు ఒకటే ఎంచుకోండి. నా మాట వింటే మీడియం హెవీ, ఫాస్ట్. 10 నుంచి 30 గ్రాముల ఎర అని రాసి ఉన్నది చూడండి. కప్ప బొమ్మలు ఎక్కువగా 10 నుంచి 15 గ్రాముల మధ్యే ఉంటాయి, దానికి చాలు. గండికోట తమ్ముడు చెప్పినంత హెవీ తీసుకుంటే తేలిక కప్పను దూరం విసరలేరు, కర్ర వంగనే వంగదు.

గండికోట_గాలం

సార్ మీరు పెద్దోళ్ళు, కానీ మైలవరం డ్యాం అంచుల్లో జమ్ములో ఒకసారి మీ మీడియం హెవీతో రండి, చూద్దాం.

పెన్నా_తాత

వచ్చినా గదా నాయనా, నీకు మీసం రాకముందే.

వెలుగోడు_వెదురు (వెలుగోడు)

నా రెండు మాటలు. ఇంత డబ్బు పోసి ఫ్యాక్టరీ గొట్టం కొనడం ఎందుకు, నల్లమల వెదురు ఉండగా? మా నాయన కాలం నుంచి వెలుగోడు చెరువులో, తర్వాత ఆ చోటే రిజర్వాయర్ అయ్యాక అందులో, వెదురుతోనే పడుతున్నాం. గట్టి వెదురు, అంటే లోపల గుల్ల దాదాపు లేనిది, లాఠీలకు వాడేది, అది తెచ్చి నీడన ఆరబెట్టి సెగ చూపిస్తూ వంకర తీస్తే ఏ గ్రాఫైటుకూ తీసిపోదు. ఒకటే జాగ్రత్త, వానాకాలంలో కొట్టింది కొనొద్దు. అప్పుడు దాంట్లో తీపి ఎక్కువ, ఆరు నెలల్లో పుచ్చు పట్టి పిండి రాలుతుంది. చలికాలంలో కొట్టిందే నిలుస్తుంది. అమావాస్యకు కొట్టాలని మా అవ్వ అనేది, దాంట్లో ఎంత నిజముందో గానీ నేను మాత్రం అట్లే అడిగి కొంటా. అడవిలోకి పోయి నరకొద్దు, కేసవుతుంది, మేదరోళ్ళ దగ్గర కొనుక్కోండి.

హంద్రీ_ఒడ్డు

వెదురన్నా, నాకూ ఇష్టమే, కానీ బండి మీద పోవాలి కదా, వెదురు రెండు ముక్కలు చేసి ఇత్తడి గొట్టం తగిలించి కలపడం అదో పెద్ద పని. రెండో రాడ్డు మీ దారిలో కడతా.

ఇవాళ బ్లాంక్ వచ్చింది. 7 అడుగులు, మీడియం హెవీ, ఫాస్ట్, గ్రాఫైటు, రెండు ముక్కలు. పెద్దాయన మాటే విన్నా. దాంతోపాటు 16 సైజు రీలు సీటు, ఈవీఏ ఫోం పిడి ముక్కలు, 8 గైడ్లు, కొస గైడు, డి సైజు నైలాన్ దారం నల్లది, కట్టిన దారం మీద పూయడానికి రెండు సీసాల ఎపాక్సీ (రెండూ కలిపితే గట్టిపడే మందు). దారం దాదాపు మన 34 గేజు తీగంత ఉంది, చేతిలోకి తీసుకోగానే ధైర్యమొచ్చింది. అన్నీ కలిపి పోస్టు ఖర్చుతో 6,000 దాటింది. ఇంట్లో 2,500 అని చెప్పినా, ఈ థ్రెడ్ మా ఇంట్లో చూడరని నమ్మకం.

ఇప్పుడు స్పైన్ అంటున్నారే, అది ఎట్లా కనుక్కోవాలి?

పెన్నా_తాత

గొట్టం చేసేటప్పుడు గ్రాఫైటు గుడ్డను ఇనుప కడ్డీకి చుట్టి కాలుస్తారు. గుడ్డ అంచు కలిసే చోట ఒక పక్క కొంచెం గట్టిగా ఉంటుంది, అదే స్పైన్. కింది కొసను నున్నటి నేల మీద ఆనించి, పై కొసను అరచేత్తో పట్టుకుని, నడుము దగ్గర రెండో చేత్తో నొక్కుతూ దొర్లించండి. ఒక చోట దానంతట అదే టక్కున తిరిగి కూర్చుంటుంది. అక్కడ కాగితం టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. రెండు ముక్కలకూ విడివిడిగా చూడాలి.

కానీ దీని మీద మరీ బుర్ర పాడు చేసుకోవద్దు. స్పైన్ సరిగా పెట్టకపోతే చేప లాగినప్పుడు కర్ర చేతిలో తిరిగిపోతుందని చాలామంది చెబుతారు, నేనూ ఒకప్పుడు చెప్పినవాణ్ణే. తిరిగేది గైడ్ల వల్ల. గైడ్లు పైన ఉంటే దారం లాగినప్పుడు కర్ర తిరిగి గైడ్లను కిందికి తెచ్చుకోవాలని చూస్తుంది, కింద ఉంటే అట్లే నిలకడగా ఉంటుంది. మీది స్పిన్నింగ్, గైడ్లు ఎట్లాగూ కిందే. ఏ బ్లాంకూ నూటికి నూరు పాళ్ళు సూటిగా ఉండదు, కంటికి ఆనించి చూసి ఏ పక్క పెడితే గీత గీసినట్టు కనబడుతుందో ఆ పక్కకు గైడ్లు పెట్టుకోండి. నేను ఈ పదేళ్ళుగా అదే చేస్తున్నా.

హంద్రీ_ఒడ్డు

సరే పెద్దాయనా. పిడి కొలత తీసుకున్నా. రీలు సీటును పట్టుకుని చెయ్యి మామూలుగా ఆనించి చూస్తే రీలు కాలు నుంచి మోచేతి ఎముక దాకా 11 అంగుళాలు వచ్చింది. కాబట్టి వెనక పిడి 9 అంగుళాలే పెడుతున్నా, ఇక తగిలే సమస్యే లేదు. సీటు లోపలి బెజ్జానికీ బ్లాంకుకూ మధ్య ఖాళీ ఉంది, దాన్ని కాగితం టేపు చుట్టి నింపమని ఒక వీడియోలో చూసినా.

పెన్నా_తాత

నింపొచ్చు గానీ మొత్తం ఒకటే చుట్ట చుట్టొద్దు. అర అంగుళం వెడల్పు చుట్టలు మూడు వేసి, మధ్యలో ఖాళీ వదలండి, ఆ ఖాళీలోకి జిగురు పోయి అటు బ్లాంకునూ ఇటు సీటునూ పట్టుకోవాలి. అంతా టేపే ఉంటే రెండేళ్ళకు నీళ్ళు దూరి టేపు నానిపోతుంది, అప్పుడు రీలు సీటు చేతిలో గిర్రున తిరుగుతుంది. టేపు బదులు గోడల పగుళ్ళకు వేసే ఫైబర్ జాలీ టేపు పెయింటు షాపుల్లో దొరుకుతుంది, అదింకా మేలు. 5 నిమిషాల్లో గట్టిపడే జిగురు వాడొద్దు, నిదానంగా ఆరేదే వాడండి.

ఇంకొకటి, ఇది పెద్దక్షరాలతో రాసుకోండి. బ్లాంక్ మీద టేపును బ్లేడుతో కోయొద్దు. వెంట్రుకంత గీత పడితే చాలు. నా మూడో రాడ్డుకు అట్లే కోసినా, కంటికి ఏమీ కనబళ్ళేదు. బుగ్గవంక వాగులో కాదు, చేప మీద కూడా కాదు, ఇంట్లో వంచి చూస్తుంటే తుపాకీ పేలినట్టు శబ్దమొచ్చి ఆ గీత దగ్గరే తెగింది. మా ఆవిడ గ్యాస్ సిలిండరనుకుని బయటికి పరిగెత్తింది.

చిత్రావతి_చిన్నోడు

😂😂 పెద్దాయనా ఇట్లాంటివి ఇంకా ఉంటే చెప్పండి.

ధర్మవరం_పేక (ధర్మవరం)

దారం మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నా. మాది మగ్గం ఇల్లు. అన్నా, నల్ల నైలాన్ దేనికి, మన పట్టు ఉండగా? నైలాన్ రాకముందు ఇంగ్లీషు దొరల వెదురు రాడ్లన్నిటికీ గైడ్లు కట్టింది పట్టు దారంతోనే. నేను నా రాడ్డుకు మెరూన్ పడుగు దారం చుట్టి, రెండు చివర్లా నాలుగేసి చుట్లు జరీ వేసినా, చూసిన ప్రతివాడూ పెళ్ళి రాడ్డు అంటున్నాడు. కావాలంటే రెండు కండెలు పంపిస్తా.

రెండు సంగతులు మాత్రం చెప్పాలి. పట్టు మీద ఎపాక్సీ పడగానే రంగు లోపలికి ఇంకి ముదురు రంగుకు తిరుగుతుంది, మెరూన్ నల్లగా కనబడుతుంది, తెల్ల పట్టయితే దాదాపు మాయమై కింద బ్లాంకే కనబడుతుంది. రంగు అట్లే నిలవాలంటే ముందు కలర్ ప్రిజర్వర్ పూసి పూర్తిగా ఆరనివ్వాలి. రెండోది, జరీ లోపల దారం, పైన చదును తీగ కదా, మరీ బిగించి లాగితే తీగ విచ్చుకుంటుంది. అలంకారానికి సరే, గైడు పాదాన్ని పట్టుకునే బలం దానికి లేదు.

గండికోట_గాలం

చేపకు జరీ కనబడుతుందా బ్రో?

ధర్మవరం_పేక

నీకు కనబడుతుంది గదా, చాలు.

హంద్రీ_ఒడ్డు

పేకన్నా, కండెలు పంపు, దుడ్లు ఇస్తా, ఊరికే వద్దు. గైడ్లు నల్ల నైలాన్‌తోనే కడతా, పిడి ముందర మాత్రం మెరూనూ జరీ.

పోయిన ఆదివారం గైడ్ల చోట్లు చూసినా. చార్టు ఒకటి దొరికితే దాని ప్రకారం కొస నుంచి 4 అంగుళాలు, తర్వాత 8న్నర అని కొలిచి పెట్టేసినా. బాగానే ఉందనిపించింది, కానీ వంచి చూడలేదు. వంచాలా?

పెన్నా_తాత

వంచకపోతే ఇక సొంతంగా కట్టడం దేనికి నాయనా. చార్టు చేసినవాడి బ్లాంక్ వేరు, మీ బ్లాంక్ వేరు. చార్టును మొదలుపెట్టడానికి వాడుకోండి, అంతే.

సైకిల్ షాపులో వాల్వ్ ట్యూబు ఒక అడుగు కొనండి. దాన్ని సన్నగా ఉంగరాల్లా కత్తిరించి, ఆ ఉంగరాలతో గైడ్ల పాదాలను బ్లాంకుకు తగిలించండి, ఇటూ అటూ జరపడానికి వీలుగా ఉంటుంది. రీలు బిగించి, దారం అన్ని గైడ్లలోంచి తీసి, కొసకు లీటరు నీళ్ళ సీసా కట్టండి, సరిగ్గా కిలో. పిడిని బల్లకు కట్టేసి పక్క నుంచి చూడండి. కర్ర విల్లులా వంగుతుంది, దారం కూడా దాదాపు ఆ వంపునే అనుసరించాలి. ఎక్కడైనా రెండు గైడ్ల మధ్య దారం వంపును వదిలేసి అడ్డంగా, సూటిగా పోతుంటే అక్కడ గైడు దూరమైందని అర్థం, దగ్గరికి జరపండి. గైడు దగ్గర దారం మోచెయ్యి మడిచినట్టు విరిగితే బరువంతా ఆ ఒక్క చోటే పడుతోందన్నమాట. గోడ మీద సున్నపు పెచ్చుతో వంపు గీసుకుని చూస్తే ఇంకా తెలుస్తుంది. ఆ తర్వాత వీధిలోకి పోయి ఉంగరాలతో ఉన్నట్టే, గాలం లేని బరువు కట్టి నాలుగుసార్లు మెల్లగా విసిరి చూడండి. రీలు పక్కనుండే పెద్ద గైడు మరీ దగ్గరుంటే స్పూలు (రీలులో దారం చుట్టి ఉండే కండె) నుంచి చుట్టలు చుట్టలుగా వచ్చే దారం దానికి కొట్టుకుని చప్పుడొస్తుంది, ముందుకు జరపండి. నాకు సాధారణంగా స్పూలు నుంచి 20 అంగుళాల దగ్గర కుదురుతుంది, మీ రీలుకు ఎంతో మీరే చూడాలి.

హంద్రీ_ఒడ్డు

చేసినా. చార్టు ప్రకారం పెట్టిన వాటిలో మూడు గైడ్లు జరిగాయి, ఒకటైతే ఏకంగా అంగుళంన్నర. కర్ర నడుము నుంచి కొసకు పోయే మలుపులో దారం చక్కగా అడ్డంపడి పోతోంది, చార్టును నమ్మి కట్టేసి ఉంటే అట్లే ఉండిపోయేది. మా షాపు పిల్లోడు ఈ సీసా, వంపు గీత అన్నీ చూసి పరీక్షకు చదువుతున్నావా అన్నా అని అడిగాడు.

ఇంకో మాట, కరెంటోడిగా చెబుతున్నా. ఇది గ్రాఫైటు, అంటే కార్బన్, కరెంటు దాంట్లోంచి పోతుంది. కాలువ గట్ల మీద మోటార్లకు పోయే 11 కేవీ లైన్లు చాలా చోట్ల కిందికి వేలాడుతుంటాయి. రాడ్డు బిగించి నిలబెట్టుకుని గట్టెక్కొద్దు. ఉరుముతుంటే ముడిచి కింద పెట్టేయండి. తీగకు తగలక్కర్లేదు, దగ్గరికి పోయినా చాలు.

మోడరేటర్

ఆ చివరి మాట పిన్ చేస్తున్నాం. అట్లే ఇంకొకటి, రిజర్వాయర్లలో లైసెన్సున్న మత్స్యకారుల వలలుంటాయి, వాటి దగ్గర గాలాలు విసరొద్దు, అది వాళ్ళ బతుకు.

హంద్రీ_ఒడ్డు

దారం పని మొదలుపెట్టినా. నాకు కష్టం కాదని మొదట్లో అన్నాను, వెనక్కి తీసుకుంటున్నా. రాగి తీగ వంచిన చోట వంగి ఉంటుంది, దారం ఉండదు, వేలు తీస్తే ఊడిపోయింది. మొదటి గైడు మూడుసార్లు విప్పినా. తర్వాత దారాన్ని లావుపాటి టెలిఫోన్ డైరెక్టరీ పేజీల మధ్యలోంచి తీసి, పైన ఇటుక పెట్టినాక బిగువు ఒకే తీరుగా వచ్చింది. బ్లాంకును రెండు అట్టపెట్టెల గాళ్ళలో ఆనించి చేత్తో తిప్పుతూ పోవడమే. చివర్లో 8 చుట్లు మిగిలి ఉండగా వేరే దారపు మడతను లోపల పెట్టి చుట్టి, కొసను ఆ మడతలో దూర్చి లాగితే కొస చుట్ల కిందికి పోయి దాక్కుంటుంది. ఆ లాగేటప్పుడు వచ్చే కిర్రుమనే శబ్దం ఉంది చూడండి, అబ్బా.

కానీ గైడు పాదం ఎక్కే చోట దారం ఎక్కకుండా జారుతోంది, గ్యాప్ వస్తోంది.

పెన్నా_తాత

పాదం కొసను ఆకురాయితో అరగదీశారా? పైనుంచి ఏటవాలుగా, బ్లేడు అంచులా పలచగా చేయాలి, అడుగున గరుకుంటే ఎమరీ కాగితంతో నున్నగా చేయాలి. లేకపోతే దారం మెట్టెక్కినట్టు ఎక్కాలి, ఎక్కదు. అడుగున ముక్కుంటే బ్లాంకునే కొరుకుతుంది.

ముక్కలు కలిసే చోట ఆడముక్క (రెండో ముక్క ఎందులోకి దూరుతుందో అది) మూతికి కూడా గట్టిగా ఒక అంగుళం పైన చుట్టు వేయండి, గైడు లేకపోయినా. లేదంటే విసిరేటప్పుడు మూతి చీలుతుంది.

హంద్రీ_ఒడ్డు

అరగదీసినా, ఇప్పుడు వెన్నలా ఎక్కుతోంది. 8 గైడ్లకు రోజూ షాపు మూసినాక గంట చొప్పున 9 రోజులు పట్టింది.

ఇంకో తెలివి చేసినా, తిట్టకండి. ఎపాక్సీ దేనికి, షాపులో మోటార్ చుట్టలకు పోసే వార్నిష్ డబ్బాలుండగా అని ఒక పుల్లకు దారం చుట్టి వార్నిష్ పూసి ఆరబెట్టినా. అద్దంలా మెరిసింది. పుల్ల వంచగానే పటపటా పగిలింది. మోటార్ చుట్ట వంగదు కదా, రాడ్డు వంగుతుంది, ఆ మాత్రం నాకే తట్టలేదు.

చిత్రావతి_చిన్నోడు

పుల్ల మీద చూసినావు గాబట్టి బతికినావు అన్నా.

హంద్రీ_ఒడ్డు

ఇప్పుడు అసలు ఏడుపు. నిన్న ఎపాక్సీ పూసినా. తిప్పడానికి పాత మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్ళెం తిప్పే మోటారు పీకినా, నిమిషానికి 5, 6 చుట్లు, దీనికి సరిగ్గా సరిపోయింది. (ఎవరైనా పీకితే మోటారు మీద ఓల్టేజి చదవండి, కొన్నిట్లో 21 ఓల్ట్‌ది ఉంటుంది, నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరుగుతుంది, దాంతో మనకు ఇబ్బందేమీ లేదు.) మెడికల్ షాపు సిరంజీలతో రెండు సీసాల్లోంచి సమానంగా 3 మిల్లీ చొప్పున తీసి, గాజు గ్లాసులో బాగా గిలక్కొట్టి కలిపి పూసినా.

మొదటిది, మే నెల మధ్యాహ్నం, షాపు రేకుల కింద, 42 డిగ్రీల ఎండ. నాలుగో గైడు దగ్గరికి వచ్చేసరికి గ్లాసులో మందు తేనెలా అయ్యి, ఐదో గైడుకు పాకమైపోయింది. రెండోది, అంతా నురగ బుడగలు. మూడోది, అక్కడక్కడా చేపకన్నులా గుంటలు పడి దారం బయటికి కనబడుతోంది, ఎంత పూసినా ఆ గుంటలోంచి మందు పక్కకు పోతోంది. నాలుగోది, అన్నానికి ఇంటికి పోయినా, కరెంటు పోయింది. వచ్చి చూస్తే మోటారు ఆగి, మందంతా కింది పక్కకు కారి ఒక్కో గైడుకు ఒక్కో గడ్డం మొలిచింది. రివైండింగ్ షాపులో ఇన్వర్టర్ ఉంది, దానికి తగిలించలేదు. ఇది ఎవరికైనా చెబితే నా వ్యాపారమే పోతుంది.

గండికోట_గాలం

అన్నా చెప్పేసినావు గదా 😅

పెన్నా_తాత

బాధపడకండి, నాలుగూ నాకు జరిగినవే, మీకు ఒకే రోజు జరిగాయి, అంతే తేడా.

ఎండ సంగతి. రెండు మందులు కలిస్తే వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా తొందరగా గడ్డకడుతుంది. గ్లాసులో లోతుగా ఉంటే వేడి బయటికి పోదు. కలిపిన వెంటనే అల్యూమినియం రేకు మీద పలచగా పోసి, అక్కడి నుంచి కుంచెతో తీసుకోండి, టైమూ ఎక్కువ దొరుకుతుంది, బుడగలూ సగం వాటంతటవే పోతాయి. మన సీమలో మే నెలలో ఈ పని తెల్లవారుజామున 4 గంటలకే చేయాలి, ఫ్యాన్ ఆపి. ఫ్యాన్ ఉంటే అనంతపురం దుమ్మంతా మీ రాడ్డు మీదే.

బుడగలకు, గిలక్కొట్టొద్దు. పుల్లతో నిదానంగా, అంచులు గీకుతూ 3 నిమిషాలు. పూసినాక మిగిలిన బుడగలకు లైటర్ మంట ఒక్క క్షణం కిందగా చూపించి తీసేయాలి, ఒకే చోట ఆపితే మసి పడుతుంది, బ్లాంకూ కాలుతుంది.

గుంటలకు కారణం సిరంజీ. లోపలి రబ్బరు జారడానికి సిలికాన్ నూనె పూసి ఉంటారు, అది మందులో కలిస్తే అక్కడ అంటుకోదు. గీతలున్న ప్లాస్టిక్ కొలత కప్పులు వాడండి. ఇంకొకటి, తలకు నూనె రాసుకున్న చేత్తో దారం ముట్టుకున్నా ఇదే జరుగుతుంది. ఒక్కోసారి నా రాడ్డంతా బాగా వచ్చి ఒకే ఒక్క గైడు మీద గుంట పడేది, ఏందా అని చూస్తే మనవరాలు జడ వేయించుకుని వచ్చి ముట్టుకునేది. చేతికి గ్లవుజులు వేసుకోండి, ఎట్లాగూ ఆ మందు చర్మానికి మంచిది కాదు, కొందరికి దద్దుర్లు లేస్తాయి.

హంద్రీ_ఒడ్డు

అయితే ఇప్పుడు గడ్డాలు ఏం చేయాలి?

పెన్నా_తాత

గడ్డాలు మరీ ఎక్కువగా ఉన్న గైడ్లు విప్పేయండి. హెయిర్ డ్రయ్యర్‌తో వెచ్చగా చేసి మెత్తబడినాక, గైడు లోహపు పాదం పైన మాత్రమే బ్లేడు పెట్టి దారం కోయండి. పాదం మీద కోస్తే బ్లేడు లోహానికి తగులుతుంది, బ్లాంకుకు తగలదు. మొదట చెప్పిన సంగతి గుర్తుంది కదా. తర్వాత వేలి గోరుతో ఒలిస్తే వస్తుంది. గడ్డం చిన్నగా ఉన్నవి ఎమరీతో చదును చేసి పైన రెండో పూత వేస్తే సరిపోతుంది.

హంద్రీ_ఒడ్డు

ఐదు విప్పి మళ్ళీ చుట్టినా. ఈసారి 4 గంటలకు లేచి, షాపు కడిగి, నీళ్ళు చల్లి దుమ్ము అణిగినాక, ఇన్వర్టర్‌కు తగిలించి, పలచగా ఒక పూత, మరుసటి రోజు రెండో పూత. రెండో పూత చూసి నాకే నమ్మకం కుదరలేదు. పేకన్న జరీ వేసిన చోట ట్యూబులైట్ వెలుతురు పడితే చీర అంచులా ఉంది. మా ఆవిడ వచ్చి చూసి, ఇంత ఓపిక ఇంట్లో ఫ్యాను మీద పెట్టొచ్చు గదా అని పోయింది. ఇంట్లో ఫ్యాను 3 నెలలుగా చప్పుడు చేస్తోంది, నిజమే.

కొస గైడు ఎపాక్సీతో అంటించాలా?

పెన్నా_తాత

వద్దు. వేడికి కరిగే జిగురు పుల్ల దొరుకుతుంది, దాంతో. ఎక్కువగా దెబ్బ తినేది కొసే, రేపు వంగితే వేడి చేసి ఊడబీకి కొత్తది పెట్టుకోవాలి. జిగురును కరిగించండి, బ్లాంకును కాల్చొద్దు. ముక్కలు కలిపే చోట కొవ్వొత్తి మైనం రుద్దండి, బిగుసుకుపోదు, జారిపోదు. ఇక వారం దాకా దాన్ని ముట్టుకోవద్దు.

వెలుగోడు_వెదురు

వారమా? నా వెదురుకు ఆర్నెల్లు. ఇప్పుడు ఎవరిది కష్టం?

హంద్రీ_ఒడ్డు

చాన్నాళ్ళకు వచ్చినా, ఆగస్టులో. తుంగభద్రకు నీళ్ళొచ్చి కేసీ కాలువకు వదిలినారు. తాతా, ఈ కాలువ బ్రిటిషోళ్ళ కాలంలో పడవలు నడవడానికి కూడా తవ్వినారంట, నిజమేనా?

పెన్నా_తాత

నిజమే, 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వింది. లెక్క కుదరక 1882లో సర్కారుకు అమ్మేసింది. చరిత్ర సరే, చేప సంగతి చెప్పండి.

హంద్రీ_ఒడ్డు

కాలువలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, దాని పక్కన నిలిచిన కుంటకు పోయినా. మొదటి కప్ప విసిరినప్పుడే తెలిసింది, పాత రాడ్డు కంటే పది అడుగులు దూరం పడింది, దారం గైడ్లలోంచి పోతుంటే చప్పుడే లేదు. గంటసేపు ఏమీ లేదు. తర్వాత తామరాకుల అంచున ఒక పెద్ద పేలుడు, నేను భయపడి వెంటనే లాగేసినా, కప్ప ఎగిరొచ్చి నా చొక్కాకు తగులుకుంది. గండికోట తమ్ముడు రెండు సెకన్లు అన్నది మనసులో ఉండి ఆ పని చేసినా.

గండికోట_గాలం

అన్నా, రెండు సెకన్లు ఆలోచించొద్దు అన్నా గానీ అది నోట్లో పెట్టుకోకముందే గుంజమనలే. నీళ్ళు పగిలినాక దారం బరువు తెలిసేదాకా ఆగాలి, అప్పుడు గుంజాలి.

హంద్రీ_ఒడ్డు

తర్వాత అట్లే చేసినా. కిలోంపావు కొర్రమీను. ఆకుతో సహా వచ్చింది, కర్ర ఎక్కడా కిర్రుమనలేదు. సాయంత్రం దాకా విసిరినా మోచెయ్యి నొప్పి లేదు, దానికోసమే గదా ఇంత చేసింది. ఫోటో పెట్టినా చూడండి.

పెన్నా_తాత

చేప బాగుంది. కొస నుంచి మూడో గైడు ఎడమ పక్కకు వాలింది.

హంద్రీ_ఒడ్డు

తాతా, చేప చూడమంటే గైడు చూసినారు. ఇంటికొచ్చి చూస్తే నిజమే, అగ్గిపుల్ల మందం వాలింది. ఐదు విప్పి కట్టిన వాటిల్లో అదొకటి, పూత వేసే ముందు కంటికి ఆనించి చూళ్ళేదు. విప్పాలా?

పెన్నా_తాత

అగ్గిపుల్లంతే అయితే చేప పట్టుకోండి. రెండో రాడ్డుకు పూత వేసే ముందు చూసుకోండి.

చిత్రావతి_చిన్నోడు

అన్నా, ఆ ఓవెన్ మోటారు ఇంక నీకు పని లేకపోతే తాడిపత్రి బస్సులో డ్రైవరుకు ఇచ్చి పంపిస్తావా? బ్లాంక్ బుక్ చేసినా, శుక్రవారం వస్తుంది. స్పైన్ ఎట్లా చూడాలో పైకి పోయి మళ్ళీ చదువుతా, కానీ రీలు సీటు 16 కొనాలా 17 కొనాలా అది మాత్రం ఎవరైనా చెప్పండి.